ఒడుపు అనగా నేమి? బిళ్ళంగోడునందును గోల్ఫునందును కట్టెవేగమునకు దెబ్బదూరమునకు గల సంబంధము

హోసూరు, కృష్ణగిరి సీమలో మూడు భాషలు కలిసి మెలసి యుండుటచేత ఒకే యాటకు మూడు పేళ్ళు వినవచ్చుచుండును. తెలుగు బాలునికి బిళ్ళంగోడు, తమిళ బాలునికి కిట్టిప్పుళ్ళు, కన్నడ బాలునికి చిన్నిదాండు. తెలంగాణమున దీనినే చిర్రగోనె యనియు, కోస్తా జిల్లాలలో గూటీబిళ్ళ యనియు, ఉత్తరదేశమున గిల్లీదండా యనియు వ్యవహరింతురు. పేరేదైనను పనిముట్లు రెండే. మూరెడు పొడవుగల కట్టె యొకటి, రెండు కొనలును చెక్కిన చిన్న బిళ్ళ యొకటి. బిళ్ళ కొనపై కట్టెతో తట్టి, అది పైకి లేచినంతనే గాలిలో దానిని కొట్టవలెను. గుంటనుండి బిళ్ళ పడిన చోటివరకు గల దూరమును మరల ఆ కట్టెతోనే కొలుతురు.

కృష్ణగిరి జిల్లా ఊత్తంగరై తాలూకాలోని కల్లావి వంటి యూళ్ళలో ఈ యాటను చిన్ననాట ఆడినవారు ఒక వింతను గమనించియే యుందురు. కండగల బాలుడు పండ్లు బిగించి కొట్టిన బిళ్ళ పదునైదు కట్టెల దూరమున పడిపోవును. బక్కపలుచని వాడొకడు అలవోకగా కొట్టినది నలుబది కట్టెలు దాటును. ఇదేమని యడిగినచో పెద్దలు "వానికి ఒడుపు తెలిసినది" అని యొక్కమాటతో సరిపెట్టుదురు. మాట సరియైనదే. కాని ఒడుపనగా నేమో ఎవరును విప్పి చెప్పరు. చెప్పకపోవుటకు కారణము వారికి తెలియకపోవుట కాదు. చేతికి తెలిసినదానిని నోటితో చెప్పుట కష్టము.

ఈ ఒడుపును విప్పి చూచుటకు బిళ్ళంగోడుకంటె మరియొక యాట ఎక్కువ ఉపకరించును. అది గోల్ఫు. కట్టెతో కొట్టి, దూరము పంపుటయే అందును ముఖ్యము. అది ధనికుల యాట యగుటచేత దానిపై పరిశోధన విశేషముగా జరిగినది. బంతి బరువు, కట్టె పొడవు, తాకిడి కాలము, గాలిలో బంతి త్రోవ, అన్నియు కొలిచిపెట్టబడినవి. బిళ్ళంగోడునకు అట్టి భాగ్యము పట్టలేదు.

స్కాట్లండు దేశమున పెరిగిన ఈ యాట ఆంగ్లేయులతో భారతదేశమునకు వచ్చెను. కలకత్తాలో 1829లోను, బెంగుళూరులో 1876లోను గోల్ఫు సంఘములు వెలసినవి. హైదరాబాదువారు గోలకొండ కోటలోని నయాఖిల్లా ప్రాంగణముననే ఆడుచున్నారు. తెలుగువారికి ఈ యాట పరాయిది అను మాట ఇప్పుడు చెల్లదు. హైదరాబాదునుండి అమెరికాకు వలసపోయిన కుటుంబమున 1997లో కాలిఫోర్నియాలో జన్మించిన సాహిత్ తీగల, 2023 సెప్టెంబరులో నాపా పట్టణమున జరిగిన ఫార్టినెట్ చాంపియన్‌షిప్‌ను గెలిచి అమెరికా వృత్తిక్రీడాకారుల పోటీలలో మొదటి విజయమును పొందెను. మరుసటి సంవత్సరము ప్రెసిడెంట్స్ కప్ పోటీలో అమెరికా జట్టున ఆడెను.

గోల్ఫులో తొలిదెబ్బకు వాడు పొడవైన కట్టెను డ్రైవర్ అందురు. దాని తల బరువు సుమారు 200 గ్రాములు. బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదని నియమము. ఆటగాడు వెనుకకెత్తిన కట్టెను క్రిందికి దింపుటకు దాదాపు పావు సెకను పట్టును. కట్టెతల బంతిని తాకియుండు కాలము మాత్రము సెకనులో రెండువేలవ వంతు. కనురెప్పపాటు కాలములో ఇట్టి తాకిళ్ళు నూరును మించి యిమిడిపోవును.

ఈ రెండువేలవ వంతు అను సంఖ్యలోనే ఒడుపు రహస్యము సగము దాగియున్నది. తాకిన క్షణమున చేతులతో ఇంకను నెట్టి బంతిని దూరము పంపవచ్చునని సామాన్యులు తలంతురు. అది పొసగదు. తల బంతిని తాకిన వార్త కట్టెవెంబడి పైకి ప్రాకి చేతికి చేరులోపలనే బంతి కట్టెను విడిచిపోయి యుండును. తాకిడిలో బంతిపై పడు సగటు బలము సుమారు ఆరువందల కిలోగ్రాముల బరువునకు సమానము. ఏ మనుష్యుని మణికట్టును అంత బలము నీయజాలదు. అది కట్టెతల తనతో తెచ్చుకొనిన వేగమునుండి పుట్టినదే. కావున కండబలము చేయవలసిన పని యంతయు తాకిడికి ముందే ముగిసిపోవలెను. తాకు నప్పటికి మిగిలియుండునది తల యొక్క బరువును, వేగమును మాత్రమే. పండ్లు బిగించిన బాలుడు తన బలమును కాలము మీరిన పిదప వెచ్చించుచున్నాడు.

బరువు ముఖ్యమా, వేగము ముఖ్యమా అను ప్రశ్న సహజముగా వచ్చును. దీనికి ఉన్నత పాఠశాల గణితమే చాలును. తాకిడి పిదప బంతి వేగము కావలెనన్నచో కట్టెవేగమును ఒక గుణకముచే హెచ్చవేయవలెను. ఆ గుణకమునకు పై భాగము ఒకటియు, ప్రత్యావస్థాన గుణకమును కలిపిన మొత్తము. క్రింది భాగము ఒకటియు, బంతి బరువును తల బరువుచే భాగించగా వచ్చినదియు కలిపిన మొత్తము. ప్రత్యావస్థాన గుణకమనగా తాకిన వస్తువులు ఎంత చురుకుగా ఎడబాయునో తెలుపు సంఖ్య. మట్టిముద్దకు సున్న, దోషములేని స్థితిస్థాపకమునకు ఒకటి. గోల్ఫు కట్టెకు అది 0.83 మించకుండ నియమముల నేర్పరచిరి. అప్పుడు పై భాగము 1.83, క్రింది భాగము 1.23. భాగించినచో రమారమి 1.49 వచ్చును. అనగా గంటకు 100 మైళ్ళ వేగముతో వచ్చిన కట్టెతల బంతిని 149 మైళ్ళ వేగముతో పంపును.

ఇక తల బరువును సగమునకు సగము పెంచి 300 గ్రాములు చేయుదము. గుణకము 1.59 అగును. లాభము నూటికి ఏడు పాళ్ళకు లోపు. తలను కొండంత బరువు చేసినను గుణకము 1.83 దాటదు. వేగమునకు అట్టి కట్టుబాటు లేదు. కట్టెవేగము నూటికి పది పాళ్ళు పెరిగినచో బంతివేగమును దాదాపు పది పాళ్ళు పెరుగును. బరువైన కట్టెను త్రిప్పుట కష్టమై వేగము తగ్గుటయు కలదు. కనుక బరువున గెలిచినది వేగమున పోవును.

ఐనచో ఆ వేగమును పుట్టించుట యెట్లు? పైరుకాపునకు మంచెమీద నిలిచి ఒడిసెల విసరు రైతు దీనికి మంచి గురువు. ఒడిసెలను త్రిప్పువాని చేయి పెద్దగా కదలదు. త్రాటి చివరనున్న రాయి మాత్రము పెనువేగముతో తిరుగును. తిరుగు వస్తువు వేగము రెండింటిపై ఆధారపడును: ఎంత త్వరగా తిరుగుచున్నది, ఇరుసునుండి ఎంత దూరమున నున్నది. ఈ రెంటి లబ్ధమే వేగము. 1946-51 నడుమ తెలంగాణ రైతాంగ పోరాటమున పల్లెప్రజలు ఒడిసెలను ఆయుధముగా పట్టుటకు కారణమును ఇదియే. కండ తక్కువైన చేతికి సయితము అది దూరమును, దెబ్బను ఇచ్చును.

గోల్ఫు దెబ్బలో ఈ సూత్రమే అంచెలంచెలుగా నడచును. మొదట నడుము తిరుగును. తరువాత ఱొమ్ము, భుజములు, చేతులు, కట్టకడపట మణికట్టు. ఒక్కొక్క యంగము వేగమందుకొని, తాను నెమ్మదించుచు, ఆ వేగమును తన పై దానికి అందించును. బండివాని చెర్నాకోల చివర "ఛెళ్ళు"మనుట ఇట్టిదే. పిడికడ ప్రారంభమైన చిన్న కదలిక చివరి పోగువద్దకు వచ్చుసరికి మహావేగమగును. మణికట్టును ముందుగా విప్పివేసినవానికి ఈ అందింపు మధ్యలో తెగిపోవును. కట్టెతల బంతికంటె ముందే తన గరిష్ఠ వేగమును చేరి, తాకునప్పటికి అలసియుండును. అలవోకగా కొట్టినట్లు కనబడు బక్కపలుచని బాలుడు చేయునది, ఎవరును నేర్పకయే, ఈ ఆలస్యపు విప్పుడు.

కట్టెను పొడిగించినచో వేగము పెరుగవలెను గదా యని సందేహము కలుగవచ్చును. పెరుగును, కొంతవరకు. ఆ పిదప కట్టెను త్రిప్పుటయు, సరియైన చోట తాకించుటయు రెండును దుస్తరమగును. నియమములు 48 అంగుళముల వరకు అనుమతించినను, వృత్తిక్రీడాపోటీలకు 46 అంగుళములు చాలునని కట్టడి చేసికొనుటకు 2021లో వీలు కల్పించిరి.

వేగము కూడిన పిదప దూరమెంత పెరుగును? గాలియే లేనిచో బంతిదూరము వేగవర్గమును అనుసరించును. వేగము రెండింతలైనచో దూరము నాలుగింతలు. ఆ లెక్కన 149 మైళ్ళ వేగముగల బంతి, 45 డిగ్రీల వాలున బయలుదేరినచో, 490 గజములు దాటిపోవలెను. వాస్తవమున 100 మైళ్ళ కట్టెవేగము గలవాడు దొర్లుడుతో కలిపి సుమారు 250 గజములు పంపినచో సంతసించును. తక్కిన సగము గాలి తీసికొనిన సుంకము. వేగము హెచ్చిన కొలది ఈ సుంకమును హెచ్చును. కావుననే వర్గసూత్రము నిజజీవితమున నిలువదు. చక్కగా తాకించువానికి కట్టెవేగము గంటకు ఒక మైలు పెరిగినచో దూరము సుమారు రెండున్నర గజములు పెరుగునని అనుభవము. పది మైళ్ళ వేగము కూడినచో ఇరువదియైదు గజములు. ఇది తక్కువ లాభము కాదు.

గాలి సుంకమును మాత్రమే గాక సాయమును గూడ నిచ్చుననుట విచిత్రము. ఎడింబరో విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడైన పీటర్ గత్రీ టెయిట్ 1890వ దశకమున ఈ విషయమును పరిశోధించెను. ఆయన కుమారుడు ఫ్రెడీ టెయిట్ 1896, 1898 సంవత్సరములలో బ్రిటిషు అమెచ్యూరు విజేత. తండ్రి సూత్రములు వ్రాయగా కుమారుడు బంతిని కొట్టెను. దూరము పోవు బంతి వెనుకకు దొర్లుచున్నట్లు తనచుట్టు తాను తిరుగునని తండ్రి నిరూపించెను. అందులకు ఆయన చేసిన ప్రయోగము పల్లెటూరి పాఠశాలకు సయితము అందుబాటులోనిది. బంతికి మెలికలేని పలుచని నాడా నొకదానిని కట్టి, దగ్గరనున్న బంకమట్టి ముద్దలోనికి కొట్టించి, నాడాలో పడిన మెలికలను లెక్కించెను. ఇంతటి మహావిద్వాంసుడు మట్టిముద్దతోను నాడాముక్కతోను పని గడుపుకొనుట మన ఉపాధ్యాయులు గమనింపదగినది.

వెనుదొర్లుడు చేత బంతిపైన గాలి త్వరగాను, క్రింద నెమ్మదిగాను సాగి, గాలి క్రిందికి త్రోయబడును. దాని ఫలముగా బంతి పైకెత్తబడును. అందుచేతనే డ్రైవర్ దెబ్బకు 45 డిగ్రీల వాలు అక్కరలేదు. పది పదునైదు డిగ్రీలు చాలును. బంతిపై గుంటలు చెక్కుటయు గాలితోడి యొప్పందమే. నున్నని బంతికంటె గరుకుపడిన పాతబంతి ఎక్కువ దూరము పోవుటను ఆటగాండ్రే మొదట కనిపెట్టిరి. 1905లో ఇంగ్లండునందు విలియం టెయిలర్ గుంటల బంతికి పేటెంటు కోరెను. గుంటలు బంతి వెనుక ఏర్పడు సుడిని ఇరుకు చేసి గాలినిరోధమును దాదాపు సగము తగ్గించును.

ఈ సీమవారికి ఇందొక ప్రత్యేక విశేషము కలదు. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 2900 అడుగుల ఎత్తున నున్నది. అచ్చట గాలి చెన్నపట్టణపు గాలికంటె నూటికి ఎనిమిది పాళ్ళకు మించి పలుచన. చెన్నపట్టణమున 250 గజములు పోవు దెబ్బ హోసూరులో మరియొక ఏడెనిమిది గజములు పోవును. కల్లావి ఘట్టము క్రింది నేలయందుండుటచేత అంత లాభము లేదు. గాలియే లేని చోట ఆడిన ఘనుడొకడు కలడు: 1971లో అపోలో 14 యాత్రలో అలన్ షెపర్డ్ చంద్రునిపై రెండు బంతులను కొట్టెను. మైళ్ళకొలది పోయినదని హాస్యమాడెను గాని, ఛాయాచిత్రములను పరిశీలింపగా రెండవ బంతి సుమారు 40 గజముల దూరముననే పడినట్లు తేలినది. బిఱుసైన అంతరిక్షపు దుస్తులలో ఒంటిచేత కొట్టెను. ఆకర్షణ ఆరవవంతై, గాలి లేకున్నను, కట్టెకు వేగము లేనిచో దూరము లేదు.

ఇంతవరకు వేగమును గూర్చియే చెప్పబడినది. కాని ఒడుపులో రెండవ సగము తాకు చోటు. అమెరికా మహిళా వృత్తిక్రీడాకారిణుల సగటు కట్టెవేగము 94 మైళ్ళ ప్రాంతమున నుండును. సరదాగా ఆడు పురుషుని సగటు వేగమును రమారమి అంతియే. అయినను ఆమె బంతి 240 గజములు దాటగా, అతనిది 215 గజములవద్ద ఆగిపోవును. వేగము సమానము, తాకుడు అసమానము. తల నడిమధ్యన గాక ప్రక్కగా తాకినచో తల చేతిలో మెలితిరిగి, వేగములో కొంత వ్యర్థమగును. తల ముఖము మూడు డిగ్రీలు ప్రక్కకు తిరిగి బంతి ఆ దిక్కుననే పోయినచో 250 గజముల చివర అది 13 గజములు త్రోవతప్పును. గాలిలో వంపు దీనికి అదనము. వేగము పెంచుకొనగోరువాడు ఈ తప్పును గూడ పెంచుకొను అపాయము కలదు.

అయినను లోకము వేగమువైపే పరుగిడుచున్నది. బ్రైసన్ డీషాంబో అను అమెరికను ఆటగాడు ఒడలు పెంచి, వేగము పెంచి, 2020లో అమెరికా ఓపెన్ పోటీని గెలువగా ఆ మార్గమున నడచువారు హెచ్చిరి. 1980లో అమెరికా వృత్తిక్రీడాకారుల సగటు తొలిదెబ్బ సుమారు 257 గజములు. 2023లో దాదాపు 300. టైటానియపు తలలు, క్రొత్త బంతులు, వ్యాయామము, మూడును ఇందు పాలుపంచుకొన్నవి. మైదానములు చాలకపోవు స్థితి వచ్చుటచేత, నియమములు చేయు సంస్థలు 2023 డిసెంబరులో బంతిపరీక్షను కఠినము చేయ నిర్ణయించినట్లు ప్రకటించెను. పూర్వము 120 మైళ్ళ కట్టెవేగముతో చేయు పరీక్షను ఇకమీద 125 మైళ్ళతో చేయవలెనట. దూరపు హద్దు మాత్రము మారదట. వేగమును ఆపలేక బంతిని మందగింపజేయుట!

ఇక బిళ్ళంగోడునకు మరలి వత్తము. సూత్రము లవియే గాని కొన్ని భేదములు కలవు. గోల్ఫు కట్టెకు బరువంతయు చివర నున్నది. బిళ్ళంగోడు కట్టెకు పొడవునను సమముగా పరచియున్నది. చేతిపట్టును కదలని ఇరుసుగా భావించినచో, కట్టె చివర వేగము అన్నిటికంటె హెచ్చు, కాని అచ్చట తాకిడికి అక్కరకు వచ్చు బరువు కట్టె బరువులో మూడవవంతు మాత్రమే. చివరనుండి లోపలికి వచ్చిన కొలది వేగము తగ్గును, అక్కరకు వచ్చు బరువు పెరుగును. ఈ రెంటిని త్రాసులో పెట్టి లెక్కించినచో ఒక ఫలితము తేలును. బిళ్ళ బరువు కట్టె బరువులో మూడవవంతునకు మించనంతవరకు కట్టె చివరితో కొట్టుటయే దూరమునకు మేలు. అంతకంటె బరువైన బిళ్ళకు కొంచెము లోపలి చోటు మేలు. సామాన్యముగా బిళ్ళలు తేలికవే.

అయితే చివరితో కొట్టినప్పుడు అరచేయి చుఱుక్కుమనును. పట్టునుండి కట్టె పొడవులో రెండువంతుల దూరమున, అనగా పదునెనిమిది అంగుళముల కట్టెకు పండ్రెండవ అంగుళమువద్ద, కొట్టినచో చేతికి ఏమాత్రము అదురు రాదు. దూరము కోరు చోటు ఒకటి, చేయి కోరు చోటు మరియొకటి. ఆరితేరిన ఆటగాడు ఈ రెంటి నడుమ చివరికి దగ్గరగా నొక చోటును ఎన్నుకొనును. కట్టెపై సున్నపు గీతలు గీచి, ఒక్కొక్క గీతవద్ద పదేసి మారులు కొట్టించి, దూరములను కొలిపించినచో ఏడవ తరగతి పిల్లలే దీనిని నిర్ణయింపగలరు. పరికరములు లేవని విజ్ఞానశాస్త్రమును పుస్తకమునకే వదలివేయు పాఠశాలలకు ఇది సులభమైన ప్రయోగము. కాగితముపై ఒక ప్రక్క చేతి అదురును, మరియొక ప్రక్క కట్టెల లెక్కను వ్రాసికొనిన చాలును.

రెండవ భేదము గాలికి సంబంధించినది. బిళ్ళ గుండ్రనిది కాదు. పల్టీలు కొట్టుచు పోవును. దానికి వెనుదొర్లుడు లాభము దొరకదు. కావున గోల్ఫు బంతివలె తక్కువ వాలున పంపినచో త్వరగా నేలబడును. బిళ్ళను నడుమెత్తున, పైకి వాలునట్లుగా, 45 డిగ్రీలకు కొంచెము తక్కువగా పంపుటయే యుక్తము. మరియు కట్టెకు బిళ్ళకు ప్రత్యావస్థాన గుణకము 0.83 ఉండదు, ఎండిన గట్టికఱ్ఱకు హెచ్చు, పచ్చికఱ్ఱకు తక్కువ. చింతకొమ్మను గాని తుమ్మకొమ్మను గాని చెక్కిన పిదప నీడన ఎండబెట్టినచో బిళ్ళ చురుకుగా పోవును.

మూడవ భేదము ప్రాణమునకు కాకున్నను కంటికి సంబంధించినది. గోల్ఫు మైదానమున కొట్టువాని ముందెవరును నిలువరు. పల్లెలో పిల్లలందరును ముందే గుమిగూడి యుందురు. బిళ్ళను పట్టినచో ఆట తమది యగును గదా. బిళ్ళకు రెండు కొనలును మొనలే. ఈ యాటలో కంటికి తగిలిన గాయములను భారతదేశపు నేత్రవైద్యులు తమ పత్రికలలో వివరించియున్నారు. చూపు పోయినవారును అందు కలరు. వేగము రెండింతలైనచో బిళ్ళ మోయు శక్తి నాలుగింతలగునని పై సూత్రములే చెప్పుచున్నవి. ఒడుపు తెలిసినవాని బిళ్ళయే ఎక్కువ ప్రమాదకరము.

లెక్క కట్టి చూచినచో సెకనుకు ఇరువది మీటర్ల వేగముతో వచ్చు బిళ్ళ పది మీటర్ల దూరమును అరసెకనులో దాటును. చూచి, తెలిసికొని, తల త్రిప్పుటకు మనుష్యునికి పావు సెకనైనను కావలెను. పది మీటర్ల దూరమున నున్నవానికి తప్పుకొనుటకు వ్యవధి కలదు. మూడు మీటర్ల దూరమున నున్నవానికి బిళ్ళ సెకనులో ఏడవవంతునకే చేరును. కనుక గుంటనుండి ఇరువదియైదు కట్టెల దూరమున అర్ధచంద్రాకారముగా ముగ్గుపిండితో గీత గీయించి, పట్టువారందరిని ఆ గీత వెలుపలనే నిలుపవలెను. మూడు మీటర్లనగా ఆరేడు కట్టెలు. తమ వంతు ఎప్పుడు వచ్చునా యని చిన్నపిల్లలు గుంటచుట్టు మూగి చూచునది సరిగా ఆ ఆరేడు కట్టెల దూరముననే.